వెనక బెంచీలో కూర్చోవడం నేర్చుకున్నాను

2017 మే నెలలో ఒక మధ్యాహ్నం మా ప్రిన్సిపల్ నన్ను తన గదిలోకి పిలిచి, "వచ్చే ఏడాది నుంచి కొత్త టీచర్లకు మీరు మెంటర్‌గా ఉంటారా?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు రాలేదు. నాది తెనాలి. న్యూజెర్సీలో యూదుల పిల్లలు చదువుకునే ఒక బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెప్తాను. అప్పటికి అక్కడ చేరి రెండేళ్లు కూడా నిండలేదు. హీబ్రూ అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాదు.

"కొత్తగా చేరేవాళ్లలో సగం మంది తోరా చెప్పేవాళ్లు, హీబ్రూ చెప్పేవాళ్లు. వాళ్లకు నేనేం చెప్పగలను?" అన్నాను. తోరా అంటే యూదుల పవిత్ర గ్రంథం.

"మీరు చెప్పలేరు కాబట్టే అడుగుతున్నాను" అన్నారు ఆవిడ.

ఆ మాట ఆ రోజు నాకు అర్థం కాలేదు. పొగడ్తో, ఓదార్పో అనుకున్నాను. అర్థం కావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాది గురించే ఇది రాస్తున్నాను.

ముందు నేను ఆ బడికి ఎలా వచ్చానో చెప్పాలి. విజయవాడలో ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. పెళ్లయ్యాక ఎడిసన్ వచ్చాను. భర్త ఉద్యోగ వీసా మీద భార్యకు వచ్చే హెచ్-4 వీసా కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. 2015 మేలో మాలాంటి కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. అదే ఏడు, మాకు దగ్గర్లోని ఒక యూదుల బడిలో లెక్కల టీచర్ ప్రసూతి సెలవు మీద వెళ్తోందని తెలిసింది. ప్రైవేటు బడి కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ సర్టిఫికెట్ అడగలేదు, ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. నాలుగు నెలలకని చేరినదాన్ని అక్కడే ఉండిపోయాను.

ఎడిసన్ పక్కనే హైలాండ్ పార్క్ ఉంటుంది. ఎడిసన్‌లో మనవాళ్లు ఎంతమందో, హైలాండ్ పార్క్‌లో యూదులు అలా కనిపిస్తారు. శనివారం పొద్దున రారిటన్ అవెన్యూ మీద చిన్నపిల్లల్ని తోపుడు బండ్లలో కూర్చోబెట్టుకుని కుటుంబాలు ప్రార్థనకు నడిచి వెళ్తుంటారు. ఆ రోజు కారు ఎక్కరు. చాలా ఏళ్లు వాళ్లను కారు కిటికీలోంచి చూశానే తప్ప, ఒక్క మాట మాట్లాడి ఎరగను.

బడిలో రోజు రెండు ముక్కలుగా నడుస్తుంది. సగం రోజు ప్రార్థన, తోరా, హీబ్రూ, యూదుల చరిత్ర. దాన్ని జుడాయిక్ స్టడీస్ అంటారు. మిగతా సగం లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్, సోషల్. ఇది జనరల్ స్టడీస్. పిల్లలు రెండూ చదవాలి కాబట్టి బడి పొద్దుపోయేదాకా ఉంటుంది. శుక్రవారం మాత్రం చలికాలంలో మధ్యాహ్నానికే వదిలేస్తారు, సూర్యాస్తమయం లోపల అందరూ ఇళ్లకు చేరి షబ్బత్ అనే వారపు విశ్రాంతి దినం దీపాలు వెలిగించుకోవాలి కదా. భోజనానికి మేము మాంసం తీసుకెళ్లకూడదు, పాలు పెరుగు ఉన్నవి తీసుకెళ్లొచ్చు. నా పెరుగన్నానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఈ రెండు ముక్కల రోజుకు రెండు రకాల టీచర్లు. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన హీబ్రూ టీచర్లకు భాష ప్రాణం, కానీ అమెరికా పిల్లలు, అమెరికా తల్లిదండ్రులు కొత్త. మతగురువులైన రబ్బీలకు గ్రంథాలు కంఠతా వచ్చు, అయితే కొందరు టీచర్ ట్రైనింగ్ గుమ్మం తొక్కలేదు. మా జనరల్ వైపు వాళ్లకు బోధన తెలుసు, పిల్లవాడు సెప్టెంబర్‌లో ఎందుకు అన్ని రోజులు బడికి రాడో తెలియదు. యూదుల తిష్రీ నెలలో రోష్ హషానా, యోమ్ కిప్పుర్, సుక్కోత్, సిమ్హత్ తోరా పండుగలు 23 రోజుల్లో వరసగా వచ్చి పడతాయి. కొత్త టీచర్ పిల్లల పేర్లు నేర్చుకునే సమయానికే తరగతులు ముక్కలుముక్కలైపోతాయి. అనుభవం లేనివాళ్లకు ఆ నెల నిజంగా ఏడుపు తెప్పిస్తుంది.

అమెరికాలో ఇలాంటి బడులు వందల్లో ఉన్నాయి. 2013-14లో లెక్క తీస్తే 861 బడులు, వాటిలో సుమారు 2,55,000 మంది పిల్లలు ఉన్నారు. వీటిని నడిపేవాళ్లను, వీటిలో చెప్పేవాళ్లను తయారుచేయడం గురించి యూదుల సంస్థలు ఎప్పటినుంచో పట్టుదలగా పనిచేస్తున్నారు. న్యూయార్క్‌లోని జ్యూయిష్ థియలాజికల్ సెమినరీలో ప్రిన్సిపల్ కాబోయేవాళ్లకు 1990ల చివర్లోనే ప్రత్యేక శిక్షణ మొదలైంది. టీచర్లకు నేర్పేవాళ్లకోసం మాండెల్ పేరుతో ఒక కార్యక్రమం అంతకుముందే వచ్చింది. కొత్త టీచర్ పక్కన అనుభవం ఉన్న టీచర్ను రెండేళ్లపాటు నిలబెట్టే పద్ధతిని 2003 నుంచి జ్యూయిష్ న్యూ టీచర్ ప్రాజెక్ట్ నడుపుతోంది. 2016లో యూదుల బడులకోసం పనిచేసే ఐదు సంస్థలు కలిసిపోయి ప్రిజ్మా అనే ఒకే సంస్థగా ఏర్పడ్డాయి. నాకు వీటన్నిటిలో నచ్చిందేమిటంటే, నాయకత్వం అంటే ప్రిన్సిపల్ కుర్చీ ఒక్కటే అని వీళ్లు అనుకోలేదు. తరగతి గదిలోనే ఉంటూ పక్క గదిలోని టీచర్ను నిలబెట్టేవాళ్లు కూడా బడికి నాయకులేనని నమ్మి, అందుకు డబ్బు, సమయం పెట్టారు.

మా బడి నన్ను పంపింది అలాంటి మెంటర్ శిక్షణకే. ఆగస్టులో మూడు రోజులు న్యూయార్క్‌లో, తర్వాత ఏడాదిలో మరికొన్ని విడతలు, ఇలా రెండేళ్లు.

మొదటి రోజు ఒక తరగతి వీడియో పది నిమిషాలు చూపించారు. కనిపించినది, వినిపించినది మాత్రమే రాయమన్నారు. నేను బాగానే రాశాననుకున్నాను. తర్వాత, "మీరు రాసినదాంట్లో మీ అభిప్రాయం ఉన్న చోటల్లా గీత గీయండి" అన్నారు. నా కాగితం నిండా గీతలే. 'టీచర్ తడబడుతోంది' అని రాశాను, అది అభిప్రాయం. టీచర్ "సరేనా?" అని ఏడుసార్లు అడిగింది, పిల్లలెవరూ జవాబు చెప్పలేదు. ఇది మాత్రం జరిగిన సంగతి. 'పిల్లలకు ఆసక్తి లేదు' అని రాశాను. వెనక వరసలో ఇద్దరు పుస్తకం తెరవలేదన్నది నేను చూసింది, ఆసక్తి ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?

ఆ రాత్రి నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 34 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను చేస్తున్న పని చెప్తే కాసేపు మాట్లాడలేదు.

"అమ్మాయ్, నా సర్వీసులో నా క్లాసులో వెనక కూర్చున్న పెద్దమనిషి ఎవరైనా ఉన్నాడంటే అది ఇన్‌స్పెక్షనే. జీపు వచ్చిందంటే టీచింగ్ నోట్స్ సరిచూసుకోవడం, బోర్డు మీద తేదీ రాసుకోవడం. వెళ్తూ వెళ్తూ రెండు తప్పులు రాసి సంతకం పెట్టేవాళ్లు. ఏం కావాలి మాస్టారూ అని అడిగినవాడు లేడు" అన్నారు.

నేను ఆయన కూతుర్నే కదా. వెనక కూర్చోవడమంటే తప్పులు వెతకడమేనని నాకూ రక్తంలోనే ఉంది. అది మొదటి నెలలోనే బయటపడింది.

నాకు అప్పగించిన టీచర్‌కు ఇరవై నాలుగేళ్లు. ఆరో తరగతికి తోరా చెప్పేది. పిల్లలు ఆ అమ్మాయిని 'మోరా' అని పిలిచేవాళ్లు, అంటే టీచరమ్మ. యెరూషలేములో ఒక ఏడాది చదువుకుని వచ్చింది. గ్రంథం మీద ప్రేమ ఆ అమ్మాయి కళ్లలోనే కనిపించేది. అక్టోబర్ చివర, పండుగలన్నీ అయ్యాక, మొదటిసారి తన తరగతిలో కూర్చున్నాను. నలభై నిమిషాలు ఆపకుండా రాశాను. మర్నాడు ఇద్దరం కూర్చున్నాం. మా చేతిలో ఒక కాగితం ఉంటుంది. నాలుగు గళ్లు: ఏది బాగా నడుస్తోంది, దేని మీద దృష్టి పెట్టాలి లేదా ఏది కష్టంగా ఉంది, టీచర్ తర్వాత ఏం చేస్తుంది, మెంటర్ తర్వాత ఏం చేస్తుంది.

బాగా నడుస్తున్నవి ఒక నిమిషంలో చెప్పేశాను. తర్వాత మిగతావి మొదలుపెట్టాను. గంట కొట్టాక సర్దుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది, బోర్డు మీద రాత చిన్నగా ఉంది, ఒకే పిల్లవాడిని నాలుగుసార్లు లేపింది, హోంవర్క్ చివరి నిమిషంలో చెప్పింది. పన్నెండు అంశాలు. ప్రతిదానికీ నా దగ్గర పరిష్కారం కూడా ఉంది, విజయవాడలో ఒక్కో గదిలో ఎనభై మందిని కూర్చోబెట్టి చెప్పినదాన్ని. ఆ అమ్మాయి తల ఊపుతూనే ఉంది. "థాంక్యూ, చాలా ఉపయోగపడింది" అని వెళ్లిపోయింది.

తర్వాతి వారం తలనొప్పి అంది. ఆ పై వారం పేరెంట్‌తో మీటింగ్ ఉందంది. మూడో వారం, ఫొటోకాపీ మెషీన్ దగ్గర నన్ను చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

శిక్షణలో మాకు కూడా ఒక గైడ్ ఉండేది. పెద్దావిడ, ఇరవై ఏళ్లకు పైగా తరగతుల్లో ఉన్న మనిషి. జరిగింది చెప్పి కాగితం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ నిదానంగా చదివింది. నాలుగు గళ్లూ నా దస్తూరీతో నిండి ఉన్నాయి. చివరికి ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"ఈ కాగితంలో ఆ టీచర్ ఎక్కడ ఉంది?"

ట్రైన్‌లో ఇంటికి వస్తూ ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చూశానో. నేను చెప్పినవాటిలో ఒక్కటీ తప్పు కాదు. కానీ ఆ అమ్మాయి నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటీ అందులో లేదు. తనకు ఏది కష్టంగా ఉందో నేను అడగనేలేదు.

మరుసటి రోజు వెళ్లి క్షమాపణ అడిగాను. "నేను మీ దగ్గర చాలాసేపు మాట్లాడాను, ఈసారి వింటాను. మీరేం చూడమంటే అది మాత్రమే చూసి రాస్తాను" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "కొంతమంది పిల్లలు అసలు నోరు విప్పడం లేదనిపిస్తోంది. నిజమో కాదో నాకు తెలియడం లేదు" అంది.

ఆ రోజు తరగతి అంతా హీబ్రూ పాఠం చుట్టూ నడిచింది. నాకు ఒక్క వాక్యం అర్థం కాలేదు. ప్రిన్సిపల్ మే నెలలో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పాఠం తెలిసి ఉంటే నా చెవి పాఠం వెంట పోయేది, ఇలా చెప్తే బాగుండేదని మనసు లోపల ఇంకో పాఠం చెప్పుకునేది. పాఠం తెలియదు కాబట్టి నాకు పిల్లలు మాత్రమే మిగిలారు. కాగితం మీద బెంచీల బొమ్మ గీసుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల గడిలో ఒక గీత పెట్టుకుంటూ పోయాను. పద్దెనిమిది మంది పిల్లలు. తలుపు వైపు గళ్లలో గీతలు గుంపులుగా పడ్డాయి. కిటికీ వైపు ఆరు గళ్లు ఖాళీగా ఉండిపోయాయి.

ఆ బొమ్మ ఆ అమ్మాయి ముందు పెట్టి నేనేమీ అనలేదు. అలా ఊరుకోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను, నాలుక చివర పది సలహాలు ఉన్నాయి. తను చాలాసేపు చూసింది. తర్వాత వేలితో బోర్డు ఎక్కడుందో చూపించుకుంటూ, "నేను రాయడానికి ఇటు తిరుగుతాను, రాసి తిరిగినప్పుడల్లా నాకు తలుపు వైపు పిల్లలే కనిపిస్తారు... వీళ్లు మాట్లాడకపోవడం కాదు, నేను చూడడం లేదు" అంది.

ఆ వారమే బల్లల అమరిక మార్చింది. అంతకంటే ముఖ్యంగా, పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి హవ్రూతా మొదలుపెట్టింది. అది తను యెరూషలేములో చదువుకున్న పద్ధతే. తన తరగతిలో వాడవచ్చని తనకే తోచలేదు, ఎందుకంటే గోల అవుతుందని భయం.

హవ్రూతా గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే మన చదువుల్లో నేను దీన్ని చూడలేదు. ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక పుస్తకం. ఒకళ్లు పైకి చదువుతారు, ఇద్దరూ వాదించుకుంటారు. ఒప్పుకోవడం గొప్ప కాదు, ఎదుటివాళ్ల వాదం ఇంకా గట్టిపడేలా ప్రశ్నించడం గొప్ప. వాళ్ల చదువు గదిలోకి మొదటిసారి వెళ్లినప్పుడు చేపల మార్కెట్లా ఉందనుకున్నాను. మనం గ్రంథాలయంలో 'నిశ్శబ్దం' అని బోర్డు పెడతాం, అక్కడ నిశ్శబ్దంగా ఉంటే ఎవరూ చదవడం లేదని అర్థం. రబ్బీల ధర్మచర్చల గ్రంథం తల్మూద్‌లో ఒక రబ్బీ అంటాడు: గురువుల దగ్గర ఎంతో నేర్చుకున్నాను, తోటివాళ్ల దగ్గర అంతకంటే ఎక్కువ, శిష్యుల దగ్గర అన్నిటికంటే ఎక్కువ అని. మెంటర్ శిక్షణలో మమ్మల్ని ముందు ఆ పద్ధతిలోనే కూర్చోబెట్టి చదివించారు. వినడం నాకు అక్కడే వచ్చింది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యాక, ఆ మాటను మన మాటల్లో తిరిగి చెప్పి, 'నేను సరిగ్గా విన్నానా?' అని అడగాలి. వినడానికి సులువు. చేయబోతే మొదటి రెండు నెలలూ నాకు చెమటలు పట్టాయి.

ఇంకో మాట కూడా అక్కడే విన్నాను. త్సిమ్‌త్సూమ్. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫేద్ ఊళ్లో ఉన్న ఇస్సాకు లూరియా అనే ఆధ్యాత్మిక గురువు చెప్పిన భావన. ఆదిలో అంతటా దేవుడే నిండి ఉంటే లోకానికి చోటెక్కడిది? అందుకే దేవుడు తనను తాను కుదించుకుని చోటు చేశాడు, ఆ చోటులో సృష్టి జరిగింది అంటాడు. 1974లో యూజీన్ బోరోవిట్జ్ అనే రబ్బీ దీన్ని నాయకత్వానికి అన్వయించి ఒక వ్యాసం రాశారు. గదిని తానే నింపేయడం కాదు, ఎదుటివాళ్లు ఎదిగేందుకు వెనక్కి జరగడమే నాయకుడి పని అని. ఆ వ్యాసం మీద మాట్లాడుకున్న రోజు నాకు నా నాలుగు గళ్ల కాగితమే కళ్లముందు ఆడింది. అయితే వెనక్కి జరగడమంటే వదిలేయడం కాదని కూడా అక్కడే చెప్పారు. కొత్త టీచర్ మునిగిపోతుంటే ప్రశ్నలు అడుగుతూ కూర్చోకూడదు, అప్పుడు సూటిగా చెప్పాలి. మరోసారి పక్కపక్కన కూర్చుని కలిసి చేయాలి. ఇంకోసారి ఊరుకోవాలి. ఏ పూట ఏది అన్నది గుర్తుపట్టడమే అసలు విద్య, అది నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు.

ఫిబ్రవరి వచ్చింది. ప్రైవేటు బడుల్లో వచ్చే ఏడాది కాంట్రాక్టులు తేలే కాలం అది. ప్రిన్సిపల్ నన్ను కారిడార్‌లో ఆపి, మామూలుగానే, "మీ అమ్మాయి ఎలా చేస్తోంది? ఉంచుకోవచ్చా?" అని అడిగారు.

మెంటర్‌కు చెప్పినవి మెంటర్ దగ్గరే ఉండాలన్నది మొదటి రోజే పెట్టుకున్న నియమం. ప్రిన్సిపల్ కూడా ఒప్పుకున్నారు. కానీ నియమం కాగితం మీద ఉండడం వేరు, నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషి నవ్వుతూ అడుగుతుంటే నోరు మూసుకోవడం వేరు. పైగా నా దగ్గర మంచి మాటలే ఉన్నాయి, చెప్తే ఆ అమ్మాయికి మేలే. కానీ ఈ ఏడాది మంచి చెప్తే, వచ్చే ఏడాది ఇంకొకరి గురించి నేను మౌనంగా ఉన్నప్పుడు ఆ మౌనానికే అర్థం వచ్చేస్తుంది. "మీరు ఒకసారి తన క్లాసులో కూర్చుని చూస్తే బాగుంటుందండీ, నేను చెప్పకూడదు" అన్నాను. ఆవిడ ముఖం మారింది. రెండు వారాలు నాతో పొడిపొడిగా మాట్లాడారు. ఇంట్లో మా ఆయన, "ఎందుకొచ్చిన టెన్షన్, ఒక్క ముక్క చెప్తే పోయేది కదా" అన్నారు. నాకు నిద్ర పట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బడిలో వారం వారం చదివే తోరా భాగం యిత్రో కథకు వచ్చింది. నిర్గమకాండము 18వ అధ్యాయం. ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగాదాలన్నీ తీరుస్తుంటాడు. మామ యిత్రో వచ్చి చూసి, నువ్వు చేస్తున్నది మంచి పని కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అంటాడు. వెయ్యి మందికి ఒకరు, వంద మందికి ఒకరు, యాభై మందికి, పది మందికి ఒక్కొక్కరు చొప్పున పెద్దల్ని పెట్టమంటాడు. ఆ యిత్రో ఇశ్రాయేలీయుడు కాదు, మిద్యాను దేశపు యాజకుడు. బయటివాడు. పది ఆజ్ఞలు ఉన్న భాగానికే వాళ్లు ఆ బయటివాడి పేరు పెట్టుకున్నారు.

ఇది నాకు చెప్పింది ఆ అమ్మాయే. తన ఆరో తరగతి పిల్లలు, యిత్రోకే అది ఎందుకు కనిపించింది, మోషేకు ఎందుకు కనిపించలేదు అని అడిగారట. ఒక పాప, "ఆయన అప్పుడే వచ్చాడు కాబట్టి" అందట. అది కిటికీ వైపు పాప అని కూడా చెప్పింది. ఆ సాయంత్రం నేను కారులో కూర్చుని కాసేపు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉండిపోయాను.

ప్రిన్సిపల్ మార్చి మొదట్లో స్వయంగా ఆ తరగతికి వెళ్లారు. కాంట్రాక్టు వచ్చింది. నాతో మాటలు కూడా మామూలయ్యాయి. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

రెండో ఏడాది నేను అడిగి చేయించుకున్న పని ఒకటుంది. మా బడిలో రెండు స్టాఫ్ రూములు. జుడాయిక్ వాళ్లు ఒకచోట, మేము ఒకచోట. ఒకే పిల్లవాడు పొద్దున తోరాలో మెరిసి, మధ్యాహ్నం లెక్కల్లో కుంగిపోతుంటే ఆ సంగతి ఇద్దరు టీచర్లకూ తెలిసే దారి లేదు. మంగళవారం మధ్యాహ్నం ఒక గంట అందరం కలిసి కూర్చుందామని, జంటలు మాత్రం అటొకరు ఇటొకరుగా ఉండాలని అడిగాను. ఏం చదువుదామన్నది ఒక రబ్బీకి వదిలేశాను. ఆయన బడుల గురించే ఉన్న తల్మూద్ పుట ఒకటి తెచ్చారు, బావా బాత్రా అనే భాగంలోది.

అందులో యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడి గురించి ఉంది. రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చింది క్రీ.శ. 70లో. ఆయన అంతకు కొన్నేళ్ల ముందటి మనిషి. తండ్రి ఉన్న పిల్లవాడికి తండ్రి చెప్పుకుంటున్నాడు, లేనివాడికి దిక్కులేదని చూసి, ఊరూరా టీచర్లను పెట్టాలని, ఆరేడేళ్ల పిల్లల్ని బడిలో చేర్చాలని ఏర్పాటు చేశాడట. ఆ తర్వాత లెక్క వస్తుంది. ఒక టీచర్‌కు 25 మంది. 50 మంది ఉంటే ఇద్దరు టీచర్లు. 40 మంది ఉంటే ఒక సహాయకుడు, వాడి జీతం ఊరు పెట్టుకోవాలి.

లెక్కల టీచర్ని కదా, నాకు వెంటనే ఒకటి తట్టింది. చేయెత్తి, "26 నుంచి 39 దాకా ఉంటే ఏం చేయాలి? ఇందులో లేదే?" అన్నాను.

ఒక్క క్షణం గది నిశ్శబ్దమైంది. తప్పు మాట్లాడానేమో అనుకున్నాను. తర్వాత రబ్బీ బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వారు. వ్యాఖ్యాతలు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నది సరిగ్గా ఆ ఖాళీ గురించేనట. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ 25 దాటగానే సహాయకుడు కావాలన్నాడు. 40 దాకా ఒక్క టీచరే చూసుకోవాలని మరికొందరు అన్నారు. ఇక గంట అయిపోయేదాకా సైన్స్ టీచర్, హీబ్రూ టీచర్, పీఈటీ సారు, అందరూ తమ తమ తరగతుల సంఖ్యలు చెప్తూ వాదించుకున్నారు. రెండేళ్లుగా హలో తప్ప మాట లేనివాళ్లు.

అదే పుటలో నాకు నచ్చని మాట కూడా ఒకటుంది. ఉన్న టీచర్ కంటే మెరుగైన టీచర్ దొరికితే మార్చాలా వద్దా అన్న చర్చ. రావా అనే రబ్బీ వద్దంటాడు. రబ్బీ దీమీ మార్చవచ్చంటాడు, పండితుల మధ్య అసూయ జ్ఞానాన్ని పెంచుతుందని. నేను ఆ రోజు గట్టిగానే వాదించాను. విజయవాడలో లెక్చరర్ల మధ్య పోటీ పెట్టి ర్యాంకులు లెక్కగట్టే చోట పనిచేశాను. నోట్సు ఒకరికొకరు చూపించుకునేవాళ్లం కాదు. మంచి లెక్క దొరికితే దాచుకునేవాళ్లం. అసూయ పెరిగింది, జ్ఞానం పెరగడం నేను చూడలేదు. నాతో జంటగా ఉన్న హీబ్రూ టీచర్ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు.

ఆ మంగళవారాల్లోనే ఎవరో, "మీ ప్రాంతంలో యూదులున్నారా?" అని అడిగారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఇశ్రాయేలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయని, వాళ్లు షబ్బత్ పాటిస్తారని, 1990ల మొదట్లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారని చెప్పాను. మా ఊరికి అంత దగ్గర ఉన్న సంగతి నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. తెలుగులో షబ్బత్ ప్రార్థన ఎలా ఉంటుందో వినాలని రబ్బీ ఇప్పటికీ అడుగుతుంటారు.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. రెండో ఏడాది నాకు అప్పగించిన సైన్స్ టీచర్ జనవరిలోనే మానేశాడు. వారం వారం కూర్చున్నాం, గళ్లు నింపాం, అయినా ఆయనకు ఏది కష్టంగా ఉందో నాకు అందలేదు. వెళ్లే రోజు, "ఈ బడిలో నేను చుట్టాన్నే, ఇంటివాణ్ణి కాలేకపోయాను" అన్నాడు. ఆ మాట ఇంకొకరికంటే నాకు ముందే వినిపించి ఉండాల్సింది. మొదటి ఏడాది నా మనసులో ఉన్నదీ అదే. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. డబ్బు సంగతి ఇంకొకటి. మెంటర్‌కు వారానికి కొన్ని పీరియడ్లు ఖాళీ ఇవ్వాలి, ఆ పీరియడ్లకు ఇంకొకరికి జీతం ఇవ్వాలి. బడ్జెట్ బిగిసిన ఏడు ముందు కత్తెర పడేది ఇక్కడే. మంగళవారం గంట రెండుసార్లు పోయింది, రెండుసార్లు బతిమాలి తిరిగి తెచ్చుకున్నాం.

ఆ తోరా టీచర్ ఇప్పుడు తనే మెంటర్. పోయిన చలికాలం నా తరగతిలో వెనక కూర్చోమని నేనే అడిగాను. బెంచీల బొమ్మ గీసి తెచ్చి నా ముందు పెట్టి ఊరుకుంది. నేను పిలిచినవాళ్లలో మగపిల్లలే ఎక్కువ. ఇరవై ఏళ్లు దాటింది నేను లెక్కలు చెప్పబట్టి, నాకు తెలియదు.

ఈ ఏడు మంగళవారం గంటకు కొత్తవాళ్లు ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది, కంప్యూటర్ టీచర్. నన్ను చూడగానే "మేడమ్, మీరు తెలుగా!" అని నా పక్కన కుర్చీ లాక్కుంది. నేను తనను తీసుకెళ్లి రబ్బీ ఎదురుగా కూర్చోబెట్టాను. మొదటి పది నిమిషాలు పుస్తకం వైపు ఒకసారి, నా వైపు నాలుగుసార్లు చూసింది. లేచి వెళ్లి ఆ పుటలో ఏముందో తెలుగులో చెప్పేద్దామని నాకు ఎంతగా అనిపించిందో. కుర్చీ తిప్పుకుని కిటికీ వైపు కూర్చున్నాను. బయట మంచు పడుతోంది. కాసేపటికి వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. సన్నగా మొదలైంది. రబ్బీని ఏదో అడుగుతోంది.